ఆకుతోటలోకి బూట్లతో నడిచిన రోజు

నా పదవీ విరమణ సభలో ఆరుగురు మాట్లాడారు. కడప జిల్లా తమలపాకు తోటల్లో వేరుకుళ్ళును అడ్డుకునే బ్యాక్టీరియాను మట్టిలోంచి పట్టుకొచ్చింది మన మేడమే అని ఆరుగురూ ఒకే సంగతి చెప్పారు. నేను శాలువా కప్పుకుని తల వంచుకుని కూర్చున్నాను. చూసినవాళ్ళు వినయం అనుకున్నారు. నా మొహం! వినయం నాకు ఏనాడూ లేదు, ల్యాబులో నాతో పనిచేసిన ఎవర్నైనా అడగండి. ఆ బ్యాక్టీరియా దొరికిన తోటకు నేనేం చేసి వచ్చానో ఎవరైనా లేచి చెప్తారేమోనని భయంతో తల వంచుకున్నాను. ఎవరూ చెప్పలేదు. ఆఫీసులో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. మా ఆఫీసరు అప్పటికే రిటైరై వెళ్ళిపోయారు. మా జీపు డ్రైవరు వెనక వరసలో కూర్చుని సభ అయ్యేదాకా నా వైపు చూడలేదు.

అందుకే నేనే చెప్తున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదవండి. ఆడపిల్లలైతే ఇంకొంచెం జాగ్రత్తగా చదవండి.

మాది కర్నూలు వైపు మెట్ట. వేరుశనగ బుడ్డలు, శనగలు, కొర్రలు తప్ప ఇంకో పంట ఎరగను. ఉద్యోగం మాత్రం కడపలో, తెగుళ్ళకు రసాయనాలు కాకుండా జీవాలతో మందు తయారుచేసే ల్యాబులో వచ్చింది. పని చెప్పుకోవడానికి సులువు. మొక్క వేరును అంటిపెట్టుకున్న చిటికెడు మట్టిలో లెక్కలేనన్ని బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో కొన్ని మొక్కకు మేలు చేస్తాయి. వేరు చుట్టూ చేరి తెగులు బూజును దగ్గరికి రానివ్వవు. వేరు సాగడానికి కావలసిన సరుకు కూడా కొన్ని తామే తయారుచేసి పెడతాయి. అట్లాంటివాటిని వెతికి పట్టుకుని, పెంచి, తెల్లటి పొడిలో కలిపి, ప్యాకెట్లు కట్టి రైతులకివ్వాలి. ఇది బతికున్న మందు, ఎండలో పెట్టొద్దు, వేరే మందులతో కలపొద్దు అని నెత్తీ నోరూ బాదుకుని చెప్పేదాన్ని. సగంమంది వినేవాళ్ళు.

ఆ ఏడు వానలు కడపను ముంచెత్తాయి. ఏడాదంతా వాన కోసం ఎదురుచూసే నేలలో నెలంతా వాన పడితే ఏమవుతుందో ఆకుతోటల్లో చూశాం. తమలపాకు తీగకు తేమ కావాలి గానీ నిలవ నీరు పనికిరాదు. పొద్దున పచ్చగా ఉన్న తీగ మూడో రోజుకు వేలాడిపోయేది. మొదలు పట్టుకుని లాగితే వేరు కుళ్ళి చేతికొచ్చేది. రోజుకు రెండు మూడు తోటలు తిరిగేవాళ్ళం. పోయిన ప్రతిచోటా అదే వాసన.

ఒకరోజు మా డ్రైవరు చెప్పాడు. అతనిది కమలాపురం పక్కనే పల్లె. జీపు పని లేనప్పుడు ల్యాబులో సీసాలు కడిగేవాడు, కడుగుతూ కడుగుతూ మా పనంతా నేర్చేసుకున్నాడు. "మేడమ్, పాపాఘ్ని ఒడ్డున ఒక సాయిబు తాత తోట ఉండాది. చుట్టూ అందరి తోటలూ పోయినాయి. ఆ తాతది మాత్రం ఒక్క తీగ వాల్లేదు" అన్నాడు.

మా పనిలో ఇంతకంటే మంచి వార్త ఉండదు. తెగులు మధ్యలో ఒక తోట నిలబడిందంటే దాని మట్టిలో ఎవరో కాపలా ఉన్నారన్నమాట. వాళ్ళను పట్టుకుంటే చాలు. ఆ పొద్దే రెండు చచ్చిన తోటలు చూసుకుని, ఆ బురదతోనే నేరుగా అక్కడికి పోయాం. నేను లేసులు కట్టే బూట్లు వేసుకున్నాను. చేతిలో అవే పనిముట్లు, అదే సంచి.

తోట అరెకరం ఉంటుంది. చుట్టూ కంచె, ఒకే ఒక వాకిలి. వాకిలి దగ్గర నీళ్ళ బిందె పెట్టుకుని తాత భార్య కూర్చుని ఉంది. అవ్వ అందాం. పక్కన కోడలు నిలబడి ఉంది. పాతికేళ్ళు కూడా ఉండవు. కొడుకు లారీ డ్రైవరు, నాపరాళ్ళ లోడుతో ఎప్పుడూ బయటే ఉంటాడు.

"చెప్పులు ఈడనే ఇడిసి, కాళ్ళు కడుక్కోని పోండమ్మా" అంది అవ్వ. మా డ్రైవరు అప్పటికే చెప్పులు విడిచి కాళ్ళమీద నీళ్ళు పోసుకుంటున్నాడు. నేను వంగి లేసు పట్టుకున్నాను. నిజంగానే విప్పబోయాను. అప్పుడు అవ్వ గొంతు తగ్గించి అడిగింది. "ఏమనుకోవద్దు తల్లీ. అంటుముట్టు ఏమీ లేదు కదా? తలకు పోసుకోనే వచ్చినావా?"

ఆకుతోటల్లో ఈ కట్టుబాటుకు కులమూ లేదు, మతమూ లేదు. నెలసరి రోజుల్లో ఆడది అడుగుపెడితే తీగ చస్తుందని అందరూ నమ్ముతారు. నాకు తెలియదు. తెలిసినా ఒళ్ళు మండేదే. నేను లేచి నిలబడ్డాను.

"నేను గవర్నమెంటు పని మీద వచ్చిన మనిషిని. నా ఒంటి సంగతి నీకెందుకవ్వా? ముట్టయిన ఆడదాన్ని చూస్తే నీ తోట మైలపడుతుందా? ఇతన్నేమీ అడగలేదే? మగోళ్ళ కాళ్ళు కడిగితే సరిపోతుంది, మాకైతే తల కూడా కడగాలా?"

అవ్వ బిత్తరపోయింది. కోడలు నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తు. సినిమాలో హీరోను చూసినట్టు చూసింది. దాంతో నాకు ఇంకా ఊపొచ్చింది. బూట్లు విప్పకుండానే వాకిలి దాటి లోపలికి నడిచాను.

తాత ఎదురొచ్చాడు. నా బూట్లు చూశాడు, భార్య మొహం చూశాడు. ఆఫీసరమ్మను ఏమంటాడు? "పోనీలేమ్మా, రా" అన్నాడు.

అయిదు చోట్ల తీగ మొదళ్ళు తవ్వి వేర్లతో సహా మట్టి తీశాను. ఎక్కడ తీశానో నోటుబుక్కులో గీసుకున్నాను. వరసలకు గీతలు, తవ్విన తీగకు సున్నా. అది మా అలవాటు. తవ్వుతుండగా కోడలు టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చి నాకిచ్చింది. నవ్వుతూ ఇచ్చింది. తిరిగి వస్తుంటే జీపులో డ్రైవరు మెల్లగా "కాళ్ళు కడుక్కోనింటే బాగుండు మేడమ్" అన్నాడు. "నువ్వు కూడానా?" అని కసిరాను.

ఆ మట్టిలోనే అది దొరికింది. ఊదారంగు దీపం కింద పెడితే పచ్చగా మెరిసే రకం. పళ్ళెంలో ఒకవైపు దాన్నీ, ఇంకోవైపు తెగులు బూజునూ పెట్టాం. బూజు పాకుతూ పాకుతూ వచ్చి వేలెడు దూరంలో ఆగిపోయింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ ఆగింది. కుండీల్లో తమలపాకు మొక్కలకు పోస్తే పోసిన మొక్క వేర్లు పోయని మొక్క వేర్లకన్నా గుబురుగా వచ్చాయి. మా ఆఫీసరు మెత్తని మనిషి, గట్టిగా నవ్వడం అప్పుడే చూశాను. డ్రైవరు మిఠాయి తెచ్చి అందరికీ పంచాడు. నేను ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి, ఆమెకు అర్థం కాకపోయినా, బ్యాక్టీరియా గురించి గంటసేపు చెప్పాను.

ఇంకో వారానికి తాత ఫోన్ చేశాడు. "తీగ వాలుతాండాదమ్మా. ఒకసారి వచ్చి సూడు తల్లీ."

పోయాను. ఈసారి చెప్పులతో పోయాను. వాకిట్లో నీళ్ళూ లేవు, అడిగేవాళ్ళూ లేరు. లోపలికి పోయి చూస్తే అయిదు చోట్ల తీగలు వాలి ఉన్నాయి. నోటుబుక్కు తెరవక్కర్లేకపోయింది. ప్రతి తీగా నేను చేతిపారతో వేరు కోసిన తీగే. ఆ అయిదింటి నుంచీ దారి పొడుగునా, నేను నడిచిన వైపే, పక్క తీగలు కూడా పసుపుబారుతున్నాయి. చచ్చిన తోటల బురదను బూట్లతో మోసుకొచ్చి, పచ్చి వేరు కోసి, ఆ కోసిన చోటే పెట్టి పోయాను. మట్టిలో ఎంత కాపలా ఉంటే మాత్రం, వేరు కోసి తెగులును చేత్తో లోపల పెడితే అదేం చేస్తుంది?

తాత నా పక్కనే నిలబడి ఉన్నాడు. "మా కర్మమ్మా" అన్నాడు. అవ్వ మాత్రం కర్మ అనలేదు. "ఆ పొద్దు కోడలు అంటులో ఉండి లోపలికొచ్చినాదమ్మా. నేను సూసుకోలేదు. తీగ వాలినాక దానంతట అదే ఏడ్చి ఒప్పుకున్యాది. డోన్‌కు, వాళ్ళమ్మోళ్ళింటికి పంపిచ్చినాం" అంది.

అప్పుడు నేనేం చేశానో చెప్తే మీరు నా మొహాన ఉమ్మేస్తారు. ఉపన్యాసం ఇచ్చాను. నెలసరికీ తెగులుకూ సంబంధం లేదని, ఇది మట్టిలో బతికే బూజని, నీళ్ళతోనూ మట్టితోనూ పాకుతుందని, ఆడపిల్లను అట్లా పంపడం పాపమని, గొంతెత్తి అరగంట చెప్పాను. చెప్పిందంతా నిజమే. నా బూట్ల సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేదు.

ల్యాబుకు వచ్చాక ఆ బూట్ల అట్టల్లో ఇరుక్కున్న మట్టి గీకి, గిన్నెలో నీళ్ళు పోసి కలిపి, పైన తమలపాకు ముక్కలు తేలేలా వేశాను. తెగులు ఉందో లేదో తెలుసుకోవడానికి అది మా పాత పద్ధతి. మూడో రోజుకు ముక్కలు నల్లబడి కుళ్ళాయి. గిన్నె తీసుకుపోయి ఆఫీసరు బల్ల మీద పెట్టాను.

ఆయన గిన్నెలోకి వంగి చూశారు. "తర్వాత కూడా నువ్వు ఎన్నో తోటలు తిరిగినావు. ఇది ఆ రోజు బురదే అని ఎట్లా చెప్తావు?" అన్నారు. శాస్త్రం ప్రకారం ఆయన మాట నిజమే. "ముందు తోటకు మందు పోద్దాం. మిగిలింది కాపాడినాక చెప్దువులే. ఇప్పుడు చెప్తే మన బ్యాక్టీరియాను ఎవరు నమ్ముతారు? ఏ రైతు మనల్ని తోటలోకి రానిస్తాడు?"

ఆయనలో దుర్మార్గం లేదు. నాకు ఆ మాట కావాలి కాబట్టి పట్టుకున్నాను. మందు తయారవుతోంది అనుకున్నాను. కుండీల ప్రయోగం ఇంకోసారి చేయాలి అనుకున్నాను. పై ఆఫీసుకు రిపోర్టు పోవాలి అనుకున్నాను. ఇట్లా రెండు నెలలు గడిపేశాను. తిన్నాను, నిద్రపోయాను, పండక్కి చీర కూడా కొనుక్కున్నాను. సిగ్గు లేని మనిషి ఎట్లా ఉంటుందో చూడాలంటే ఆ రెండు నెలల్లో నన్ను చూడాల్సింది.

డ్రైవరుకు అంతా తెలుసు. గిన్నె కడిగింది అతనే. ఒకరోజు సీసాలు కడుగుతూ, నా వైపు తిరగకుండానే అన్నాడు. "వచ్చే శుక్రవారం నమాజు అయినాక పెద్దమనుషులు కూర్చుంటారంట మేడమ్. ఆ పిల్ల సామాన్లు డోన్‌కు పంపీయాలని. మొగుడు ఫోన్ ఎత్తడం కూడా మానుకున్యాడంట."

కొళాయి కట్టేసి నా వైపు తిరిగాడు. "మీరు ఎప్పుడు చెప్తారు మేడమ్?"

పాతికేళ్ళ సర్వీసులో నన్ను ఆ మాట అడిగిన ఆఫీసరు లేడు. మరునాడు పొద్దున్నే బయలుదేరాం. జీపులో మందు డబ్బాలు ఎక్కించాడు, నేను నోటుబుక్కు తీసుకున్నాను. ఆఫీసరుకు చెప్పలేదు.

తాతా అవ్వా ఇద్దరూ తోటలోనే ఉన్నారు. మూడో వంతు తోట బోడిగా ఉంది. తీగలు పాకించే అవిసె చెట్లు ఉత్తగా వరసగా నిలబడి ఉన్నాయి. వంగి చెప్పులు విడిచాను. "అవ్వా, తోటకు తెగులు తెచ్చింది మీ కోడలు కాదు. నేను. చచ్చిన తోటల బురద బూట్లకు పూసుకుని వచ్చి, నువ్వు కడుక్కోమంటే కడుక్కోకుండా లోపలికి పోయింది నేను."

అవ్వ నా వైపు జాలిగా చూసింది. "ఆ పిల్లను కాపాడల్లని చెప్తాండావు తల్లీ. నీది మంచి మనసు" అంది. "అదే ఒప్పుకున్యాది కదమ్మా."

నేను అన్నింటికీ సిద్ధపడి పోయాను. తిడతారు, కొడతారు, పై ఆఫీసుకు రాస్తారు అనుకున్నాను. నమ్మరని మాత్రం అనుకోలేదు. పొగరుతో మాట్లాడితే ఎదురు చెప్పకుండా దారిచ్చింది, మనసు విప్పి చెప్పిన నిజం నమ్మలేదు.

నోటుబుక్కు తెరిచి తాత చేతికిచ్చాను. "తాతా, నువ్వే చూడు. ఇవి వరసలు. ఈ సున్నాలు ఆ రోజు నేను తవ్విన తీగలు. వాకిలి నుంచి లెక్కపెట్టుకో."

ఆయన అక్షరాలు చదవలేడు గానీ తోట చదవగలడు. వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ నడిచాడు. మూడో వరస, ఎనిమిదో చెట్టు, బోడి. ఆరో వరస, నాలుగో చెట్టు, బోడి. అవ్వ వెనకే నడిచింది. నేను వాకిలి దగ్గరే నిలబడ్డాను. అయిదో సున్నా దగ్గర తాత ఆగి, పుస్తకం మూశాడు. తర్వాత వచ్చి పుస్తకం నా చేతిలో పెట్టాడు.

"కోడలు ఆఫీసరమ్మకు టీ ఇచ్చి అట్నే ఎల్లిపోయినాది. ఆ ఆరో వరస పక్కకే పోలేదు" అన్నాడు. అది నాతో అన్న మాట కాదు, భార్యతో అన్నాడు.

అవ్వ కింద కూలబడింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "యా అల్లా, ఆ పిల్లను నేను ఎన్ని మాటలంటిని" అని ఏడ్చింది.

ఆ పొద్దే తాతా, డ్రైవరూ, నేనూ కలిసి వాలిన తీగలు పీకి కాల్చాం. బాగున్న తీగల మొదళ్ళలో మందు పోశాం. వాళ్ళ మట్టిలోంచి తీసిందే వాళ్ళ మట్టికి పోశాం. బ్యాక్టీరియా చచ్చిన వేరును బతికించలేదు, బతికున్న వేరునే కాస్తుంది. మిగిలిన తోట నిలబడింది. మా మందు వల్ల నిలబడిందో, మట్టికి ముందునుంచీ ఉన్న బలం వల్లనో, వాన ఆగడం వల్లనో నాకు తెలియదు. రిపోర్టులో మందు వల్ల అని రాశాం. తెగులు ఎట్లా వచ్చిందో కూడా రాసి సంతకం పెట్టాను. పై ఆఫీసులో ఆ పేజీ ఎవరూ చదివినట్టు లేదు.

పిల్లలూ, అవ్వ నన్ను అడిగిన రెండు మాటల్లో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. తప్పు మాటకు కోపం తెచ్చుకుని ఒప్పు మాటను కూడా తన్నేసి పోయాను. ఆ కోపం న్యాయమైనదేనని నేను ఇప్పటికీ అంటాను. మీకూ వస్తుంది, రావాలి. వచ్చినప్పుడు మీ కాళ్ళకు ఏముందో ఒకసారి చూసుకోండి.

శుక్రవారం దాకా ఆగకుండా మరునాడే అవ్వనూ తాతనూ జీపులో ఎక్కించుకుని డోన్ పోయాం. రైల్వే లైను పక్కన రెండు గదుల ఇల్లు. అవ్వ కోడల్ని పట్టుకుని ఏడ్చింది. పెద్దవాళ్ళు లోపల మాట్లాడుకుంటుంటే ఆ పిల్లా నేనూ బయట అరుగు మీద కూర్చున్నాం. మొదటినుంచీ అంతా ఆమెకు చెప్పాను. బూట్లు, అయిదు తీగలు, గిన్నెలో ఆకు ముక్కలు, ఏదీ దాచలేదు. అడ్డం రాకుండా వినింది.

"ఆ పొద్దు నేను బయటనే ఉండల్ల మేడమ్" అంది చివరికి. "మీరు అత్తమ్మతో అట్లా మాట్లాడినారు కదా, అది విని నాకు ధైర్యమొచ్చినాది. ఏమైతాదిలే అనుకుని టీ తీసుకోని లోపలికొచ్చినా. నా పెండ్లయినప్పటి నుంచి ఆ రోజుల్లో వాకిలి దాటింది అదొక్కసారే."

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"ఇది మీకు ఎప్పుడు తెలిసినాది మేడమ్?"

"రెండు నెలలైంది" అన్నాను.

ఆమె కోప్పడలేదు. లెక్కపెట్టుకుంటున్నట్టు తల ఊపింది. లోపలి నుంచి అవ్వ బట్టల సంచి పట్టుకుని వచ్చి, పోదాం పా తల్లీ అని పిలిచింది. ఆ పిల్ల లేచి నిలబడి, అవ్వకు వినపడకుండా నాతో అంది.

"అత్తమ్మ ఒక్క పొద్దులో నమ్మినాది మేడమ్. ఈ రెండు నెలలు తోటను నేనే సంపినానని దినామూ అనుకుంటా ఉన్న్యా. నేను కాదని ఇంక నేనూ నమ్మల్ల కదా."